సైరన్ లేని ఊరికి పోయొచ్చాం

కాకినాడ చూడనివాళ్ళ కోసం కాకినాడ గురించి రాద్దామని కూర్చున్నాను. కానీ ముందు పటాన్‌చెరులో మా రేకుల షెడ్డు సంగతి చెప్పకపోతే, అంత దూరం పోయి మేమెందుకు ఏడ్చామో, ఎందుకు నవ్వామో మీకు అంతుపట్టదు. నేను నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని. రాతలో వరుస తప్పితే సర్దుకోండి. జ్ఞాపకం మాత్రం తప్పదు. ఆ రోజు రైల్లో మా ఎదురుగా కూర్చున్నావిడ చీర అంచు ఏ రంగో ఇప్పటికీ చెప్పగలను.

మా షెడ్డు

మా ఆయన పేరు నర్సింలు. ఇనుప కంపెనీలో లేతు మిషను మీద పని. పెళ్ళికి ముందు బరువులెత్తే పోటీలకు పోయేవాడు. నడుము పట్టేశాక మానేశాడు. మానేసినవాడు ఊరుకోవాలి కదా. తుక్కు ఇనుము కొనుక్కొచ్చి, సెలవు రోజుల్లో లేతు మీద బరువు చక్రాలు తిప్పించి, ఒక కడ్డీ చేయించి, మేం కిరాయికున్న ఇంటి పక్క షెడ్డులో పెట్టాడు. మగపిల్లలు కొన్నాళ్ళు వచ్చి అద్దంలో కండలు చూసుకుని పోయారు. నిలిచింది ఇద్దరు ఆడపిల్లలే.

ఒకతి యాదమ్మ. లక్డారం నుంచి వచ్చేది. వాళ్ళ నాయన పెంటయ్య కూలిమనిషి. రెండో అమ్మాయి పద్మజ. వాళ్ళది గోదావరి వైపు. తండ్రి సర్కారు ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నాడు. యాదమ్మ నన్ను చిన్నమ్మా అనేది, పద్మజ పిన్నిగారూ అనేది. ఒకే వరుసను ఇద్దరూ రెండు రకాలుగా పిలుస్తుంటే నాకు ఇద్దరు కూతుళ్ళున్నట్టే ఉండేది.

షెడ్డు గోడకు అవతల ఇంటి ఓనరు వాళ్ళ ముసలమ్మ మంచం. ఈ పిల్లలు బరువు కింద పడేసినప్పుడల్లా ఆమె అరుపు.

"అరేయ్ నర్సింలూ! నా పానం దీస్తవారా? గుండె ఎగిరి గొంతులకొచ్చింది!"

ఖాళీ చేయమంటారేమోనని మా ఆయన పోయి ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఆమే ఉపాయం చెప్పింది. "సైరన్ కూస్తప్పుడు పడేసుకోరాదురా. గా మోతల గీ మోత కలిసిపోతది. నాకు ఇనపడనే ఇనపడది."

అదే మా చట్టమైంది. సాయంత్రం షిఫ్టు మారేటప్పుడు ముందు మందుల కంపెనీ సైరన్ కూసేది. సన్నగా, పొయ్యి మీద కెటిలు ఈల వేసినట్టు. వాళ్ళ గడియారం మా ఇనుప కంపెనీ గడియారం కంటే కాస్త ముందుండేది. ఆ తర్వాత ఇనుప కంపెనీది. అది లావు గొంతు, బర్రె అరిచినట్టు. సన్న సైరన్ పద్మజది, లావు సైరన్ యాదమ్మది. మిగతా వేళంతా తేలిక బరువులు ఎత్తి, పసిపిల్లను పడుకోబెట్టినట్టు మెల్లగా నేల మీద పెట్టేవాళ్ళు. సన్న సైరన్ రాగానే పద్మజ పెద్ద బరువు ఎత్తి పడేసేది; ఆ చప్పుడులో యాదమ్మ చేతులకు సుద్దపొడి రాసుకునేది. లావు సైరన్ రాగానే యాదమ్మ ఎత్తి పడేసేది. ముసలమ్మ హాయిగా పడుకునేది. ఆదివారం సైరన్ లేదు, పెద్ద బరువూ లేదు. పిల్లలు చేరిన కొత్తల్లో మొదలైన ఈ పద్ధతి మళ్ళీ మారలేదు.

సంగారెడ్డిలో జిల్లా జట్టును ఎంచే రోజున ఆడపిల్లలు వీళ్ళిద్దరే వచ్చారు. ఎత్తమని కూడా అడగకుండా పేర్లు రాసుకుని, చాయ్ తాగించి పంపారు. అప్పుడు సంతోషపడ్డాం. అక్కడ ఒక్కసారి ఎత్తించి ఉంటే మా సంగతి మాకు ముందే తెలిసేది.

అప్పటికి ఆంధ్రా, తెలంగాణా ఒకటే రాష్ట్రం; రాష్ట్రం పోటీలు కాకినాడలో. ఆడపిల్లలతో ఆడమనిషి ఉండాలన్నారు. అట్లా నేను బయలుదేరాను.

లక్డారంలో

యాదమ్మను తీసుకురావడానికి మేమే వాళ్ళింటికి పోయాం. పెంటయ్య వాకిట్లో గంప తిరగేసి దాని మీద కూర్చున్నాడు.

"అక్కా, ఒక మాట. ప్యాకింగు పనికి మనిషి గావాలన్నరు. కాంట్రాక్టరు సోమారం నుంచి యాదిని తోలుమంటుండు. నేనేమనాలె?"

"మొదటి ముగ్గుర్ల వస్తె హైదరాబాద్‌ల ఆటల హాస్టల్ల సీటిస్తరు పెంటన్నా. తిండి, బట్ట, సదువు అంత వాళ్ళదే," అన్నాడు మా ఆయన.

"రాకపోతే?"

మా ఆయన నా మొహం చూశాడు. నేను గోడ చూశాను. యాదమ్మే తలుపు సందులోంచి జవాబు చెప్పింది. "రాకపోతే సోమారం ప్యాకింగుకు పోత నాయినా. ఇగ మళ్ళ బరువు ముట్ట."

పెంటయ్య కాలి బొటనవేలితో మట్టి గీశాడు. "ఎత్తుడు దించుడు నాకు తెల్వదు బిడ్డా. కాలి మీద మాత్రం పడేసుకోకు," అని లేచి, కూతురి సంచి తానే బస్సు దాకా మోసుకొచ్చాడు.

రైల్లో ఆకలి

దారికి నేను జొన్నరొట్టెలు, పల్లీల కారం కట్టుకున్నాను. కానీ బరువులెత్తే పోటీలో ఒక తిరకాసు ఉంది. పోటీకి ముందు మనుషులను తూకం వేస్తారు. ఎవరి తూకంవాళ్ళతో వాళ్ళకే పోటీ. కాస్త ఎక్కువ తూగితే పై వరుసలో పడతారు, అక్కడ అందరూ గట్టివాళ్ళు. యాదమ్మ సరిగ్గా గీత మీదుంది. అందుకని మా ఆయన కట్టడి పెట్టాడు: తూకం అయ్యేదాకా గుక్కెడు నీళ్ళు, అంతే.

ఎదురుగా ఆకుపచ్చ అంచు చీరావిడ అరిటాకులో పులిహోర విప్పింది. ఇంగువ వాసనకు పెట్టె మొత్తం తలతిప్పింది.

"తీసుకోండమ్మా, పిల్లలు చూడండి ఎలా పీక్కుపోయారో," అంది ఆవిడ.

"తినొద్దమ్మా వాళ్ళు," అన్నాడు మా ఆయన.

ఆవిడ నావైపు వంగి గుసగుసలాడింది. "ఏవండీ, మీవారు పిల్లల్ని తిననివ్వరా?"

నేను బరువుల సంగతి ఎంత చెప్పినా ఆవిడకు నమ్మకం కుదరలేదు. ఆడపిల్లలు ఇనుము ఎత్తడమేంటి, దానికి పస్తుండటమేంటి! దిగేముందు యాదమ్మ తల నిమిరి, మా ఆయన్ని మాత్రం గుడ్లురిమి చూసింది. పాపం, మా ఆయనా ఏమీ తినలేదు. పిల్లలు తినకుండా తనెట్లా తింటాడు! రొట్టెలన్నీ నేనే తిన్నాను. ఎవరో ఒకరు తినాలి కదా.

గోదావరి మీద

తెల్లవారుతుండగా రైలు వంతెన ఎక్కింది. మంజీర చూసిన కళ్ళు మావి. వానకాలంలో మంజీర నిండుగా పారితేనే బండ్లు కట్టుకుని చూడ్డానికి పోయేవాళ్ళం.

"చిన్నమ్మా! గిన్ని నీళ్ళా! గివన్నీ ఎవరు తాగుతరు?" అంది యాదమ్మ, కిటికీ ఊచలకు మొహం ఆనించి.

"మేమే," అంది పద్మజ గొప్పగా. పటాన్‌చెరులో పెరిగిన పిల్ల, వంతెన మీదికి రాగానే గోదావరి పిల్లయిపోయింది.

జనం నదిలోకి చిల్లర విసురుతున్నారు. నేనూ ఒక రూపాయి తీశాను. మా ఆయన లాక్కుని, యాదమ్మ చేతిలో పెట్టి, "నువ్వెయ్యి బిడ్డా. గట్టిగ మొక్కు," అన్నాడు. దేవుడి గుళ్ళో కూడా చేతులు జోడించని మనిషి! అప్పుడు తెలిసింది నాకు, ఆయన లోపల ఎంత వణుకుతున్నాడో.

కాకినాడ మర్యాదలు

కాకినాడలో వీధులు గీత గీసినట్టు ఉంటాయి. మా పటాన్‌చెరులో లారీ ఎటు తిరిగితే అదే వీధి. రిక్షా అతను కూడా "ఎక్కండి, కూచోండి, దిగండి" అంటూ ప్రతి మాటకూ మర్యాద తగిలిస్తాడు. ఆ మర్యాదలోనే ఎగతాళి కూడా చేసేస్తాడు. మా ఆయన వాలకం చూసి, "పహిల్వాన్‌గారు ఏదో పెద్ద ఆలోచనలో ఉన్నారండి," అన్నాడు. మా దగ్గర ఇద్దరికి ఒక చాయ్ తెచ్చుకుంటే వన్ బై టూ అని సంబరంగా తాగుతాం. అక్కడ అట్లా అడిగితే హోటలాయన ఒక గ్లాసు నిండా పోసి, రెండో ఖాళీ గ్లాసు పక్కన పెట్టి, "మీరే పంచుకోండి, తర్వాత గొడవలొస్తే నాకు సంబంధం లేదు," అన్నాడు.

బస ఒక బడిలో. పద్మజ వాళ్ళ అమ్మమ్మ, దగ్గర్లోని పల్లె నుంచి వచ్చి, అక్కడే కాచుకుని ఉంది. చిన్న మనిషి, చేతిలో పెద్ద డబ్బా. నిండా కాజాలు.

"పద్దూ, ఒక్కటి తినవే!"

"తూకం అయ్యాక అమ్మమ్మా."

"పెళ్ళిచూపుల్లో కూడా ఎవరూ తూకం వెయ్యలేదే మమ్మల్ని!"

తూకంలో యాదమ్మ గట్టెక్కింది. ముల్లు గీత దాటకుండా ఆగగానే మా ఆయన పెద్దగా ఊపిరి వదిలాడు. ఆ తర్వాత ఆ పిల్ల కాజాలు తిన్న తీరు చూడాలి. కొరికితే పాకం గడ్డం మీద కారింది. "చిన్నమ్మా, గిండ్ల పాకమెట్ల వోసిండ్రు? సూదితోనా?" అని అడుగుతూనే ఇంకోటి తీసింది.

పోటీ

ఇద్దరి తూకాలకూ వేర్వేరు పోటీలు. ముందు పద్మజది. చేయాల్సినవి రెండు రకాలు. మొదటిది ఒక్క ఊపున నేల మీంచి తల మీదికి. రెండోది ముందు భుజాల మీదికి, అక్కడి నుంచి తల మీదికి. ఒక్కో రకానికి మూడు అవకాశాలు. మొదటి రకంలో మూడూ పోతే ఇక ఇంటికే. పేరు పిలిచాక నిమిషంలోపు బరువు నేల వదలాలి.

పద్మజ పోయింది. కడ్డీ పట్టుకుంది. పట్టుకుని అట్లాగే వంగి ఉండిపోయింది. చుట్టుపక్కల ఇంకే చప్పుడూ లేదు.

"లెవ్వు! లెవ్వు బిడ్డా!" పక్క నుంచి మా ఆయన అరుస్తున్నాడు.

సమయం అయిపోతుందని హెచ్చరిక గంట కొట్టారు. ఆ పిల్ల ఉలిక్కిపడి గబుక్కున లాగింది. బరువు ఛాతీ దాకా వచ్చి ముందుకు పడింది. ఆ చప్పుడుకు భుజాలు ముడుచుకుని, ఏదో తప్పు చేసినదానిలా గోడవైపు చూసింది. రెండోసారీ అంతే. మూడోసారీ అంతే. షెడ్డులో రోజూ ఎత్తే బరువే అది!

పద్మజ తెర వెనక్కి వచ్చి నా ఒళ్ళో పడింది. సొంత మనుషుల ముందు, సొంత గడ్డ మీద. అమ్మమ్మ తడుముకుంటూ వచ్చి, "ఆ ఇనుము ఎత్తలేదని ఏడుస్తావేంటే! ఎత్తితే మాత్రం ఇంటికి తెచ్చుకోనిస్తారా? ఇదిగో, తిను," అని నోట్లో కాజా కుక్కింది. పిల్ల ఏడుస్తూనే నమిలింది.

మా ఆయన గొంతు అప్పటికే పోయింది. గోడకు ఆనుకుని తువ్వాలు పళ్ళతో కొరుకుతున్నాడు. పొద్దున రిక్షా అతని ఎగతాళికి నవ్వినవాడే. ఇప్పుడు చూస్తే పదేళ్ళ ముసలితనం మీద పడ్డట్టున్నాడు. ఇంతలో యాదమ్మ వరుస మొదలైంది.

యాదమ్మా అంతే. కడ్డీ పట్టుకుని వంగి, తల కాస్త పక్కకు వాల్చి, ఉండిపోయింది. గంట కొట్టాక లాగింది. బరువు మోకాళ్ళు దాటి ఆగిపోయింది. అందరూ ధడేలుమని పడేస్తుంటే ఈ పిల్ల దాన్ని మెల్లగా నేల మీద పెట్టి దిగొచ్చింది. హాలంతా నవ్వు. రెండో అవకాశంలోనూ అదే.

"ఏమైందే? ఏమైంది నీకు?" మా ఆయన గొంతులోంచి గాలే తప్ప మాట లేదు.

"ఏమో కాకా. చేతులు లేస్తలేవు. ఇంకా యాల్ల గాలేదనిపిస్తుంది."

ఆ మాటకు నా పక్కనున్న పద్మజ తలెత్తింది. కళ్ళు తుడుచుకుంది.

"పిన్నిగారూ, సైరన్ లేదండీ."

"ఏందమ్మా?"

"నాకూ అలాగే అయిందండి. వంగి సైరన్ కోసం చూస్తున్నాను. చూస్తున్నానని నాకే తెలీలేదు. పడేసినప్పుడేమో గోడవతల మామ్మ లేస్తుందేమోనని భయమేసింది."

మా ఆయన చతికిలబడ్డాడు. "నేనే చెడగొట్టిన సుశీలా. నేను పోరిలకు బరువెత్తుడు నేర్పలే. సైరనినుడు నేర్పిన," అన్నాడు.

ఓదార్చడానికి సమయం లేదు. యాదమ్మ పేరు మూడోసారి పిలిచారు. ఇది పోతే సోమవారం ప్యాకింగే. నా కొడుకులు చిన్నగా ఉన్నప్పుడు అన్నం తినకపోతే నేను సైరన్ కూసేదాన్ని. "కంపెనీ సుట్టీ అయింది, నాయినొస్తుండు" అనగానే నోరు తెరిచేవాళ్ళు. ఆ విద్య నాకుంది. కొంగు బిగించి తెర అంచుకు వచ్చాను. నోరు తెరవబోతుంటే పద్మజ నా చెయ్యి పట్టుకుంది.

"ఆగండి పిన్నిగారూ. ముందు సన్నది రావాలి. అది వస్తేనే యాది సుద్ద రాసుకుంటుంది."

తనకు రాని సైరన్‌ను ఆ పిల్ల తానే కూసింది. "కీ...." అని, సన్నగా, ముక్కు ఇంకా ఏడుపుతో మూసుకుపోయి ఉండగానే. హాలు మొత్తం మా వైపు తిరిగింది. యాదమ్మ మావైపు చూడలేదు. సుద్ద గిన్నెలో చేతులు పెట్టింది. అలవాటు చొప్పున రాసుకుంది. పోయి కడ్డీ పట్టుకుంది. అప్పుడు నేను కడుపులోంచి తీశాను. "భో....." అని లావుగా, మా ఇనుప కంపెనీ లాగా. అది సగంలో ఉండగానే బరువు ఆ పిల్ల తల మీదుంది. దించమని సైగ వచ్చిందో లేదో, ధడేలుమని పడేసింది!

ఒక పెద్ద అధికారి వచ్చాడు. "ఎవరమ్మా ఆ కూత? ఇదేం విడ్డూరమండీ?"

మా ఆయన రెండు చేతులూ జోడించి, ఉన్న కాస్త గొంతుతో, "సారూ, మా తాన సైరనయితెనే పని షురూ అయితది," అన్నాడు.

ఆయన మమ్మల్నందరినీ ఒకసారి చూసి, నవ్వాపుకుంటూ, "సరే, ఆ గీత దాటకుండా కూసుకోండి," అని పోయాడు.

రెండో రకంలో మొదటిసారి ఇద్దరం కూశాం, యాదమ్మ ఎత్తింది. రెండోసారికి కాకినాడ కుర్రాళ్ళు అందుకున్నారు. పేరు పిలవగానే హాలంతా భోమని గోల. ఆ పిల్ల సుద్ద రాసుకోకముందే సైరన్! కంగారులో బరువు జారిపోయింది. లెక్క చూస్తే యాదమ్మ నాలుగో స్థానంలో ఉంది. మూడోది కావాలంటే షెడ్డులో ఎన్నడూ ఎత్తని బరువు ఎత్తాలి. మా ఆయన అదే రాయించాడు. రాయించి, చూడలేక గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

నేను కుర్రాళ్ళవైపు తిరిగి నోటి మీద వేలు పెట్టాను. ఉయ్యాలలో పిల్ల నిద్రపోతుంటే పెట్టినట్టు. ఏమనుకున్నారో ఏమో, హాలు సద్దుమణిగింది. పద్మజ సన్నది కూసింది. యాదమ్మ సుద్ద రాసుకుని, కడ్డీ పట్టుకుని, వంగింది. నేను నోరు తెరిచాను.

గాలే వచ్చింది. గొంతు పూర్తిగా పోయింది. మళ్ళీ ప్రయత్నించాను. రాలేదు. గంట కొట్టారు. యాదమ్మ తల ఎత్తి నన్ను చూసింది. నేను నోరు తెరుచుకుని, కళ్ళలో నీళ్ళతో, ఒడ్డున పడ్డ చేపలా నిలబడి ఉన్నాను. ఆ పిల్ల నవ్వింది. నిజంగా నవ్వింది. నవ్వి, లాగింది. భుజాల మీదికి వచ్చింది. ఒక్క క్షణం ఊగింది. తల మీదికి పోయింది. మోకాళ్ళు వణుకుతున్నాయి, చేతులు మాత్రం వంగలేదు. ఎత్తు చెల్లిందని చెప్పే మూడు తెల్ల దీపాలూ వెలిగాయి.

ఇనుము నేల మీద పడ్డ చప్పుడుకే మా ఆయనకు తెలిసింది. "పడేసింది! పై నుంచి పడేసింది!" అంటూ గోడను పట్టుకుని ఏడ్చాడు.

"నేను కూయలే గదనే?" అని తర్వాత యాదమ్మను గుసగుసగా అడిగాను.

"నువ్వు నోరు తెరిసినవు గద చిన్నమ్మా. గంతే. నాకు ఇనపడ్డది."

సముద్రం దగ్గర

మరునాడు అమ్మమ్మ మమ్మల్ని సముద్రానికి తీసుకుపోయింది. పడవల మీద వలలు ఆరేసి ఉన్నాయి. యాదమ్మ మెడలో పతకంతోనే నీళ్ళలోకి దిగి, దోసిట పట్టి నాకి, మొహం వికారంగా పెట్టి, "ఛీ, గిన్ని నీళ్ళుండి ఏం ఫాయిదా!" అంది. పద్మజ ఒడ్డునే కూర్చుంది. మా ఆయన పోయి పక్కన కూర్చున్నాడు. ఇసుక పోగు చేస్తున్నాడు. ఆ పిల్లే అంది:

"బాబాయిగారూ, వచ్చే ఏడాదికి మామ్మ మంచం అటు గదిలోకి మారుద్దామండి."

ఆయన ఇసుకలో చెయ్యి పెట్టి నవ్వాడు. పోటీ మొదలయ్యాక అదే మొదటి నవ్వు.

మళ్ళీ పటాన్‌చెరులో

బస్సు దిగేసరికి సాయంత్రం. సరిగ్గా అప్పుడే మందుల కంపెనీ సన్నగా కూసింది. పద్మజ సంచి కింద పెట్టేసింది. యాదమ్మ రెండు అరచేతులూ ఒకదానికొకటి రుద్దుకుంది. సుద్ద లేదు, కడ్డీ లేదు, చుట్టూ జనం. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని రోడ్డు మీదే పడీ పడీ నవ్వారు. పెంటయ్య అక్కడే నిలబడి ఉన్నాడు. ముందు కూతురి కాళ్ళు చూశాడు, దెబ్బ తగిలిందేమోనని. ఆ తర్వాతే మెడలో పతకం చూశాడు. సోమవారం యాదమ్మ ప్యాకింగుకు పోలేదు. ఆమె సంచి పెంటయ్యే మోసుకుని హైదరాబాద్ హాస్టల్లో దింపి వచ్చాడు.

ముసలమ్మ మంచం మారింది. ఆమే పట్టుబట్టి మార్పించుకుంది. కానీ ఆ తర్వాత చాలా రోజులు, "ఏమాయెరా, మోతలు ఇనవడకపోతే నిద్ర వస్తలేదు," అని తిట్టేది. పద్మజ ఇంకో ఏడాది ఎత్తింది, పతకం రాలేదు. ఇప్పుడు బ్యాంకులో పని. మా ఇంటికి వస్తే తలుపు కొట్టదు, సన్నగా కూస్తుంది.

ఇనుప కంపెనీ మూతపడింది. మా షెడ్డున్న చోట లారీల టైర్ల దుకాణం వచ్చింది. సాయంత్రాలు ఎప్పుడైపోతున్నాయో తెలియడం లేదు. మొన్న యాదమ్మ ఫోను చేసింది. ఇప్పుడు తానే ఒక హాస్టల్లో ఆడపిల్లలకు బరువులు నేర్పుతోంది.

"చిన్నమ్మా, మా పోరిలకు కాకినాడ ముచ్చట చెప్పిన. నమ్ముతలేరు. ఒక్కపారి కూయరాదు. స్పీకర్ పెట్టిన."

"గొంతెక్కడిదే ఈ వయసుల?"

"జెర కూయి చిన్నమ్మా."

కొంగు బిగించి, కడుపులోంచి తీశాను. అవతల ఆడపిల్లలు ఘొల్లున నవ్వారు. లోపలి గదిలో టీవీ ముందు కునుకుతున్న మా ఆయన లేచి వచ్చి, గూట్లో చెయ్యి పెట్టి, షిఫ్టుకు పట్టుకుపోయే అన్నం డబ్బా కోసం తడుముతున్నాడు.